తొంభై ఒకటో గడి

మొదటి రోజు. గడులు 1 నుంచి 12.

వేలానికి వెళ్ళే ప్రతి వస్తువుకీ మా దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. వస్తువు దగ్గర ఎవరు కూర్చున్నారు, ఏం చూశారు, ఏం తుడిచారు, అంతా అందులో రాయాలి. పేజీ చింపకూడదు. కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెట్టాలి. అమ్ముడైన రోజున పుస్తకం కూడా వస్తువుతో పాటు కొన్నవాళ్ళ ఇంటికి వెళ్తుంది. ఇది పైడితల్లి గారి (మాకు పైడమ్మ) ‘కళ్ళాపి’ బొమ్మ పుస్తకం. రాస్తున్నది వరహాలు. బూడిదపాలెం వేలంశాలలో సరుకు గది నా చేతిలో ఉంది. వయసు ముప్పై నాలుగు. పుట్టింది ఇక్కడే, చంద్రుడి మీదే.

బొమ్మ పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. అందులో మనిషి లేడు, ఇల్లు లేదు, ఆకు లేదు. ఉన్నదంతా చల్లిన రంగే. ఎర్రమట్టి రంగు, ఆవపువ్వు పసుపు, మా నేల బూడిద కలిపిన నలుపు. గుడ్డని నేలమీద పరిచి, ఎడమ చంకలో డబ్బా పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ కుడిచేత్తో చల్లింది పైడమ్మ. విజయనగరం దగ్గర వాళ్ళమ్మ వాకిట్లో కళ్ళాపి అలాగే చల్లేదట. కళ్ళాపి అంటే ఏంటని చిన్నప్పుడు అడిగాను. “వాకిట్లో నీళ్ళు సల్లడమే గుంటా” అంది. నీళ్ళు! నేలమీద! పిల్లలమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం.

ఈ బొమ్మ ఖరీదు దాని అందంలో లేదు, అది పుట్టిన చోటులో ఉంది. ఇక్కడ మనిషి బరువు భూమి మీది బరువులో ఆరో వంతు. అలా వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. అందుకని మాకు బరువు హాలు ఉంది. పెద్ద డ్రమ్ములాంటి గది, గిర్రున తిరుగుతూ ఉంటుంది. లోపల నిలబడితే భూమి మీది బరువంతా మీద పడుతుంది. పిల్లలు రోజుకి రెండు గంటలు అందులో ఉండి తీరాలి. అరవై వచ్చిన వాళ్ళకి ఇరవై నిమిషాలు మించకూడదని డాక్టర్ల రూలు. పైడమ్మ అరవై ఏళ్ళ వయసులో నలభై రోజులు పొద్దస్తమానం అందులో ఉండి ఈ బొమ్మ చల్లింది. చంద్రుడి మీద పూర్తి బరువులో వేసిన పెద్ద బొమ్మ ఇదొక్కటే.

ఇప్పుడు ఆవిడకి డెబ్భై ఎనిమిది. బరువు హాలు చక్రం అరిగిపోయి నాలుగు నెలలుగా తిరగడం లేదు. కొత్త చక్రం కోసం బొమ్మ అమ్మేయమని ఆవిడే చెప్పింది. అంతవరకూ పిల్లలకి బరువు లేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆ పిల్లలు జన్మలో భూమి మీద కాలు పెట్టలేరు.

బొమ్మ అసలుదో కాదో తేల్చి రాసిచ్చే బాధ్యత గుంటూరులో ఉన్న తబస్సుమ్ గారిది. భూమి మీద రంగు చుక్కలు చదవడంలో ఆవిడ మాటకి తిరుగులేదట. బొమ్మని అడుగు చొప్పున తొంభై ఆరు గడులుగా విడగొట్టి, రోజుకి పన్నెండు గడులు నేను కెమెరాలో చూపిస్తే ఆవిడ అక్కణ్ణించి చదువుతారు. మాట వెళ్ళి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ లెక్కన తొంభై ఒకటో గడి ఎనిమిదో రోజు వస్తుంది.

ఆ గడి సంగతి నాకు తెలుసు. ఇవాళ్టికి ఇంతకన్నా రాయలేను.

మూడో రోజు. గడులు 25 నుంచి 36.

నిన్న గడుల నంబర్లు తప్ప ఏమీ రాయలేదు. ధైర్యం చాలలేదు.

తబస్సుమ్ గారు చుక్కలు చదవడం చూస్తుంటే ముచ్చటేస్తుంది, వెంటనే మిగిలిన గడులు లెక్కపెట్టుకుంటాను. ఇవాళ ముప్పై ఒకటో గడి దగ్గర కెమెరా ఆపమన్నారు.

“వరహాలు గారూ, ఈ చుక్క అంచు చూడండి. చుట్టూ ముళ్ళు ముళ్ళుగా లేదూ? పూర్తి బరువులో రంగు నేలని గట్టిగా కొడుతుంది, కొట్టి చిట్లుతుంది. మీ తేలిక బరువులో అయితే మెల్లిగా దిగి అప్పడంలా గుండ్రంగా కూర్చుంటుంది. ఇంకోటి, తోకలన్నీ ఒకేవైపు వాలుతున్నాయి. హాలు తిరుగుతోంది కదా, పడే చుక్క పక్కకి జరుగుతుంది. ఇది ఎవరూ దొంగిలించలేరండీ.”

“అవునండీ” అన్నాను.

“ఇక్కడ ఆవిడ కుడి మోకాలు నొప్పెట్టి ఉంటుంది. అడుగు పొట్టిదైపోయింది. పాపం.”

ఆ మోకాలు నాకు తెలుసు. నలభై రోజుల తర్వాత అది మళ్ళీ సరిగ్గా వంగనే లేదు.

నాలుగో రోజు. గడులు 37 నుంచి 48.

పైడమ్మ వచ్చింది. కర్ర ఊతంతో మెల్లిగా ఎగురుతూ వచ్చి నా స్టూలు మీద కూర్చుంది.

“ఏటే గుంటా, మొకం అలగెట్టుకున్నావు? తిన్నావా?”

తిన్నానని అబద్ధం చెప్పాను. ఈవిడ దగ్గర నాకు అబద్ధాలు బాగా అలవాటు.

కెమెరా అద్దం మీద దుమ్ము కనబడినట్టుంది. తన తాగే నీళ్ళ గ్లాసులో చీర కొంగు ముంచి, అద్దం తుడవడం మొదలుపెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ఇక్కడ పుట్టిన మేం దేన్నీ తడిపి తుడవం. కుంచె ఉంది, ఊదుడు గొట్టం ఉంది. నీళ్ళు తాగడానికే.

“తాగే నీళ్ళు పెద్దమ్మా!”

“నా వాటా నానేటి సేసుకుంటే నీకేటే?” అని నవ్వింది. తర్వాత బొమ్మ వైపు తిరిగి చాలాసేపు చూసింది. పైనుంచి కిందికి. కింది వరుస దగ్గర ఆవిడ చూపు ఆగిందేమోనని నా ప్రాణం పోయింది. వెళ్తూ వెళ్తూ నా తలమీద చెయ్యి వేసింది.

ఇక రాసేస్తాను. పదకొండేళ్ళ కిందట ఈ బొమ్మ మా సరుకు గదిలో దాచమని ఇచ్చింది. చల్లదనం గొట్టాలున్న గోడకి పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. మిగతా గోడల దగ్గర పెట్టెలు ఉన్నాయి. జరపడానికి బద్ధకం వేసి గొట్టాల గోడకే తగిలించాను. నెల తిరక్కుండా గొట్టం అతుకు దగ్గర చీలి, లోపల చల్లబరిచే మందు చిమ్మింది. కింది వరుసలో ఒక అడుగు మేర తెల్లగా, గట్టిగా పొక్కు కట్టేసింది. కుంచెతో రుద్దితే పోలేదు. ఊదితే పోలేదు. రంగు మాడిపోయిందనుకున్నాను.

చెప్పాల్సింది. ఒక్క పది నిమిషాల తిట్లతో పోయేది. చెప్పలేదు. ఆవిడ డబ్బాల్లోంచి రంగు తెచ్చి, బొమ్మని నేలమీద పరిచి, ఆ పొక్కు మీద నేనే చల్లాను. చుక్కలు గుండ్రంగా, మెత్తగా పడ్డాయి. పక్క గడిలో వాటికేమో ముళ్ళు. అందుకని పళ్ళపుల్ల తీసుకుని ఒక్కో చుక్కకీ ముళ్ళు గీశాను. సిగ్గు లేకపోతే సరి, గీసిన తర్వాత రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆరో రోజు. గడులు 61 నుంచి 72.

ఇందుశేఖర్ గారు (మా వేలంశాల పెద్ద) ఇవాళ మంచి హుషారుగా ఉన్నారు. వేలం పాట పాడటానికి భూమి నుంచి ఏడుగురు, అంగారకుడి నుంచి ఇద్దరు పేర్లిచ్చారట. “చక్రం వచ్చేసినట్టే వరహాలూ” అని నా భుజం తట్టారు. బయట వరండాలో పిల్లలు వరుసగా గంతులేస్తున్నారు. నాలుగు నెలలకే కొందరి నడక తేలిపోయింది. నేనూ ఆ వయసులో అలాగే తేలిపోయేదాన్ని, కాకపోతే అప్పుడు హాలు బాగానే తిరిగేది. ఆ సంగతి తర్వాత రాస్తాను, రాయగలిగితే.

ఏడో రోజు. గడులు 73 నుంచి 84.

కింది వరుసకి వెలుతురు చాలడం లేదనీ, దాన్ని ఫొటోలు తీసి పంపుతాననీ తబస్సుమ్ గారితో అన్నాను. రెండున్నర సెకన్లు.

“పర్వాలేదండీ, లైటు కిందికి దించండి. నేను ఆగుతాను.”

దించాను.

ఎనిమిదో రోజు. గడులు 85 నుంచి 91.

తొంభయ్యో గడి అయ్యాక కెమెరాని పైకి జరిపి యాభై రెండో గడి చూపించాను. అవును, చూపించాను. ఈ పుస్తకంలో ఇది కూడా ఉండాలి.

“వరహాలు గారూ, పొరపాటున పై వరుసకి వెళ్ళినట్టున్నారు. ఇది సోమవారం చూశాం” అన్నారావిడ, నాకు ఇబ్బంది కలగకూడదన్నట్టు నవ్వుతూ.

కెమెరా కిందికి దించాను.

రెండున్నర సెకన్లు గడిచాయి. అయిదు గడిచాయి. పది గడిచాయి. తెర మీద ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇది తేలిక బరువులో చల్లింది” అన్నారు చివరికి. “ముళ్ళు తర్వాత పుల్లతో గీశారు. తోకలకి వాలు లేదు. ఇందుశేఖర్ గారిని పిలవండి.”

మిగతా అయిదు గడులూ చూడలేదు. మొత్తం పూర్తి బరువులో వేసిందని రాసిచ్చిన బొమ్మలో ఒక్క అడుగు తేడా వచ్చినా ఆ మాట మొత్తం అబద్ధం కిందే లెక్క. అది వాళ్ళ రూలు. ఇందుశేఖర్ గారు పైడమ్మని పిలిపించారు. ఆవిడ వచ్చి, కర్ర గోడకి చేరేసి, కళ్ళు చికిలించి తొంభై ఒకటో గడి చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను కెమెరా తీగ చుట్టుకుంటూ ఉన్నాను.

“నానే” అంది. “మోకాళ్ళు పనికిరాక, ఆ ముక్క బయిట సేసీసినాను. అప్పుడు సెప్పనేదు. తప్పయిపోనాది.”

“ఏంటమ్మా ఇది?” అన్నారు ఇందుశేఖర్ గారు. “పిల్లలు...”

“తప్పయిపోనాదన్నాను కదా బాబూ.”

నేను తీగ చుట్టాను. మొత్తం చుట్టాను. మూడు చుట్లు వేసి, కట్టు బిగించి, కొక్కేనికి తగిలించాను. కళ్ళెదుట ఒక ముసలావిడ నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే నేను తీగ చక్కగా చుట్టుకున్నాను.

తొమ్మిదో రోజు. గడులు లేవు.

భోజనశాలలో అందరి నోటా అదే మాట. బరువు హాలు తలుపు మీద ఉన్న ఆవిడ పేరు మీద ఎవరో నల్లటి పట్టీ అతికించారు. “నలభై రోజులు, నలభై రోజులని పద్దెనిమిదేళ్ళు మన చెవులు ఊదరగొట్టిందమ్మా” అంటోంది ఒక తల్లి. నిజానికి ఆవిడెప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకున్నది మేమే.

ఆవిడ గదికి వెళ్ళాను. గోడనున్న వాళ్ళమ్మ ఫొటో తడికొంగుతో తుడుస్తోంది.

“ఎందుకలా చెప్పావు పెద్దమ్మా?”

“ముసిల్దాన్ని. నన్నేటంటారు, అంటే మాత్తరం ఎన్నాళ్ళంటారు? నీకింకా బతుకున్నాది.”

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“ఆ యేడే. నా సెయ్యి నాకు తెల్దేటి? నీది ఎడం సేతివాటం.” ఫొటో మేకుకి తగిలించి, వంకర సరిచేసింది. “నువ్వే వొచ్చి సెప్తావు కదాని సూసినాను. ఏలం ముందరైనా సెప్తావనుకున్నాను.”

పదకొండేళ్ళు చూసిందన్నమాట. పండక్కి నేను అరిసె పట్టుకెళ్ళినప్పుడల్లా, జ్వరమొస్తే మందు ఇచ్చినప్పుడల్లా, ఈసారి చెబుతుందని చూసిందన్నమాట. నేనేమో ఎప్పుడూ బాగా ఉన్నావా అని అడిగి వచ్చేసేదాన్ని. ఏడవడానికి కూడా మొహం చెల్లక లేచి వచ్చేశాను.

పదో రోజు. గడులు లేవు.

వేలం రద్దు చేస్తున్నామని చెప్పడానికి ఇందుశేఖర్ గారు పొద్దున్నే జనాన్ని బొమ్మ ముందు పోగుచేశారు. తబస్సుమ్ గారు తెర మీద ఉన్నారు. పైడమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆవిడకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగా వదిలేశారు.

నేను వెళ్ళి బొమ్మ పక్కన నిలబడి, తొంభై ఒకటో గడి నేను చేశాననీ, గొట్టం, పొక్కు, పుల్ల సంగతీ చెప్పాను. ఆగకుండా చెప్పాను.

తర్వాత ఆ తల్లే, నిన్న భోజనశాలలో మాట్లాడినావిడే, కళ్ళు తుడుచుకుంది. “ఎంత మంచి పిల్లో చూడండి. పెద్దావిడ పరువు కోసం నింద తన మీద వేసుకుంటోంది” అంది. వెనక ఇద్దరు చప్పట్లు కొట్టారు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. నిజం చెప్పినా నాకు దక్కింది మంచిపేరు!

“కాదు, నేనే!” అని అరిచాను.

“దానికి మతి నేదు, ఒగ్గీయండి” అంది పైడమ్మ.

అప్పుడు తబస్సుమ్ గారు అందుకున్నారు. “మాటలు వద్దండీ. ఒక కాగితం పరిచి, రంగు చల్లించండి. వరహాలు గారూ, ఆ రోజు ఎలా చల్లారో అలాగే.”

నాలుగడుగుల కాగితం పరిచారు. కుడి చంకలో డబ్బా పెట్టుకుని ఎడమచేత్తో చల్లాను. రంగు గాల్లో తీరిగ్గా తేలి, గుండ్రంగా దిగింది. మూడుసార్లు చల్లించారు. కెమెరా ఇందుశేఖర్ గారే పట్టుకున్నారు. రెండున్నర సెకన్లు అందరం తెర వైపు చూశాం.

“అదే చెయ్యి” అన్నారావిడ. “తొంభై ఒకటి ఈవిడదే. మిగతా చూసినవన్నీ పైడితల్లి గారివి. నాకు ఒకటే అర్థం కాలేదండీ. హాలు అప్పట్లో తిరుగుతూనే ఉంది కదా. అక్కడికి తీసుకెళ్ళి చల్లి ఉంటే నేను కూడా పట్టుకోలేకపోయేదాన్నేమో. ఎందుకు తీసుకెళ్ళలేదు?”

ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడక్కపోతే బాగుండునని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను.

“నేను అందులో నిలబడలేనండీ” అన్నాను. “చిన్నప్పుడు బరువు గంటలు ఎగ్గొట్టాను. నా బెల్లం ముక్కలు ఇచ్చి ఇంకో పిల్ల చేత నా పేరుకి హాజరు పలికించేదాన్ని. తొమ్మిదేళ్ళు. నా ఎముకలు ఆ బరువు మోయలేవు. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.”

ఈసారి ఎవరూ మంచి పిల్ల అనలేదు. ముందు వరుసలో ఒక తండ్రి తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని దాని కాళ్ళు నిమురుతూ కూర్చున్నాడు. నాతో చూపు కలపలేదు.

పదకొండో రోజు. గడులు 92 నుంచి 96, ఆపైన 91.

మిగిలిన అయిదు గడులూ పొద్దున్నే అయిపోయాయి. అన్నీ పైడమ్మవే. తబస్సుమ్ గారు చెప్పింది ఇదీ: నా రంగు గీకి తీసెయ్యాలి. అడుగున ఏది ఉంటే అది, కాలిపోయిన గుడ్డయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెడతారు. అప్పుడు వేలం జరుగుతుంది. కాలిన అడుగున్న బొమ్మకి ఆ తొమ్మిదిమందిలో ఎందరు మిగులుతారో, చక్రానికి సరిపడా పాట వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

“ఆవిడే గీకాలా? వేరేవాళ్ళని పెట్టమంటారా?” అని ఇందుశేఖర్ గారు నన్ను కాక తెరని అడిగారు.

“అదే గీకుతాది” అంది పైడమ్మ, స్టూలు నా పక్కకి లాక్కుంటూ.

బొమ్మని నేలమీద పరిచాం. పలుచటి కత్తి తీసుకుని అంచు నుంచి మొదలుపెట్టాను. బాగా అతుక్కుపోయి ఉంటుందనుకున్నాను. అతుక్కోలేదు. పొక్కు మీద వేసిన రంగు కదా, ఉల్లిపొరలా రేకులు రేకులుగా లేచి వచ్చేసింది. నా గుండ్రటి చుక్కలూ, నా పుల్ల గీతలూ అన్నీ పళ్ళెంలో పడ్డాయి. గంట పట్టింది. అడుగున అదే పొక్కు, తెల్లగా, గట్టిగా, ఆనాడు నేను చూసినట్టే ఉంది.

“ఇదీ పెద్దమ్మా. ఇదే. నీ రంగు అప్పుడే పోయింది” అన్నాను. కత్తి కింద పెట్టేశాను.

పైడమ్మ వంగింది. వేలితో పొక్కు గీరి, వేలు నాలిక మీద పెట్టుకుంది.

“ఉప్పే” అంది. “గొట్టంలో మందు ఆరిపోయి ఉప్పు కట్టీసినాది.”

పక్కనున్న గ్లాసులో కొంగు ముంచింది. నీళ్ళు పిండి, తడికొంగుని పొక్కు మీద పరిచి అరచేత్తో అదిమి పట్టుకుంది, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద పట్టినట్టు. కాసేపాగి మెల్లిగా తుడిచింది. తెల్లదనం కొంగులోకి వచ్చేసింది. ఇంకోసారి ముంచింది. ఇంకోసారి తుడిచింది.

కింద పసుపు ఉంది. ఎర్రమట్టి రంగు ఉంది. చుక్కల చుట్టూ ముళ్ళున్నాయి. తోకలన్నీ ఒకేవైపు వాలి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ కిందట ఆవిడ చల్లిన రంగు ఒక్క చుక్క చెడకుండా అక్కడే ఉంది.

తెర మీద తబస్సుమ్ గారు ఏదో అన్నారు, నాకు వినబడలేదు. ఇందుశేఖర్ గారు నేలమీద కూర్చుండిపోయి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను ఆ గ్లాసు వైపు చూస్తున్నాను. అర గ్లాసు నీళ్ళు. తడిపి తుడవొచ్చన్న సంగతి ఇక్కడ పుట్టిన నాకు తట్టలేదు. ఆవిణ్ణి అడిగి ఉంటే తట్టేది.

పైడమ్మ కొంగు దులుపుకుని, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. కోపం లేదు. కోప్పడితే బాగుండేది.

“ఆ రోజే అడిగుంటే,” అంది, “తడిగుడ్డ ఇద్దును కదే.”

91వ గడి: బాగుంది. రంగు అసలుది, పూర్తి బరువులో చల్లింది.
తుడిచినవారు: ఇప్పిలి పైడితల్లి.
తుడిచినది: తాగే నీళ్ళు, అర గ్లాసు, ఆవిడ వాటాలోంచి.
పాడుచేసినవారు: వరహాలు.
ఈ పుస్తకంలో పేజీలు చింపలేదు, కొట్టివేతలు లేవు. రేపటి నుంచి దీన్ని వేరొకరు రాస్తారు.